గేటు లోపలికి వచ్చిన రాళ్లు

అమెరికాకు బయలుదేరిన చైనా సరుకును ఖమ్మం పక్కన ఒంటిచేత్తో ఆపిన వీరుడు బద్యా. ఓడలకు ఓడలే నిలిచిపోయాయి. సరే, ఓడలంటే మరీ ఓడలు కావు, ఒక లారీ. ఆపడమంటే మరీ ఆపడమూ కాదు, గేటు తీయడం కాస్త ఆలస్యం చేశాడు. అంతవరకు మాత్రం నిజం.

వైరా రోడ్డులో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి బద్యా వాచ్‌మన్. అంతకుముందు భద్రాచలం అడవి అంచున చెక్‌పోస్టులో రోజుకూలీ. గడ్డి ట్రాక్టరు వచ్చినా, కొబ్బరిబోండాల వ్యాను వచ్చినా ఇనుప చువ్వతో పొడిచి, దాని కొన వాసన చూశాకే దారి వదిలేవాడు. గడ్డి కింద టేకు దుంగ, బోండాల కింద గంజాయి. పైకి కనిపించేది ఎప్పుడూ అసలు సరుకు కాదని ఆ కొలువు అతనికి నేర్పింది. ఇంట్లో భార్య కమ్లి పప్పు వడ్డించినా గిన్నె అడుగుదాకా కలిపి చూసేవాడు.

ఫ్యాక్టరీలో మొదట అనుమానించడానికి ఏమీ ఉండేది కాదు. క్వారీ నుంచి బండలు వచ్చేవి, ఇక్కడ పలకలుగా కోసి పెట్టెల్లో సర్దాక చైనాకు పోయేవి. అక్కడివాళ్లు వాటిని చెక్కి, నునుపు చేసి, సమాధి రాళ్లుగా అమెరికాకు అమ్ముకునేవాళ్లు. ఇంతలో ఆ రెండు దేశాలకూ చెడింది. చైనా సరుకు మీద అమెరికా పన్ను పెంచింది. అక్కడ అమ్మకం పడిపోయేసరికి చైనావాళ్లు ఇక్కడ కొనడం మానేశారు. ఆబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగినట్టు, ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్లందరూ ఇంటిదారి పట్టారు. వాళ్లలో కమ్లి ఒకతె.

ఎండలు ముదరకముందే ఉన్నట్టుండి వాళ్లను మళ్లీ పిలిచారు. కోత మిషన్లు మాత్రం తిరగడం లేదు. బద్యాకు అక్కడే ముల్లు గుచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం కంటైనర్ లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఎప్పుడూ ఖాళీగా వచ్చి నిండుగా పోయే లారీ, ఈసారి టైర్లు అణిగిపోయేంత బరువుతో వచ్చింది.

"ఏమున్నయ్ దీంట్ల?" అన్నాడు బద్యా.

"రాళ్లే. తియ్ జల్దీ," అన్నాడు సూపర్‌వైజర్ ఎబినేజర్.

"రాళ్లు మన కాడికెల్లి పోతయ్ గానీ సార్, మన కాడికి వస్తయా?"

"నువ్వు గిన ఆనాడు ఉంటే, యేసు ప్రభువు సమాధి కాడ దొర్లిన రాయిని కూడా పొడిచి చూస్తుంటివి!"

బద్యా తలుపు తీయించి లారీ ఎక్కాడు. చెక్క పెట్టెల సందులో చువ్వ దించితే టంగుమంది. ఇంకోచోట దించితే అక్కడా టంగుమంది. కొన వాసన చూశాడు. గంజాయి వాసన రాలేదు. రాకపోయేసరికి అనుమానం రెట్టింపైంది.

గొడవ విని షెడ్డులోంచి కమ్లి వచ్చింది. ఆమె గాజులకు స్టిక్కర్ ముక్కలు అతుక్కుని ఉన్నాయి. ఎబినేజర్‌కు అర్థం కాకుండా మొగుడూ పెళ్లాలు తండా భాషలోకి దిగారు.

"రాళ్ల కింద ఏం దాచిండ్రే?"

"కింద ఏం లేదు. ఆ రాళ్లే దొంగ సరుకు. చైనాల చేసి తెచ్చిండ్రు. చైనా అని ఉన్న బిళ్ల మేం పీకుతున్నం, ఇండియా అని ఉన్నది అంటిస్తున్నం. మన పేరుంటే అమెరికాల పన్ను తక్కువంట."

ఇన్నేళ్లూ పైది తోసేసి కింద వెతికిన మనిషి చువ్వ పక్కన పెట్టాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. చెక్‌పోస్టు జమేదారు నంబరు ఇంకా అందులోనే ఉంది.

"చెయ్, ఎందుకాగినవ్?" అంది కమ్లి. "ఫ్యాక్టరీకి తాళం పడ్తది. రేపటి సంది ఇద్దరం చర్ల దిక్కు మిర్చి ఏరనీకి పోదాం. నీ చువ్వ గూడ తెచ్చుకో, మిరపకాయలను పొడుద్దువు గానీ."

బద్యా ఫోన్ వంక చూశాడు, కమ్లి వంక చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని గేటు తీశాడు.

షెడ్డులో పని ఇప్పటికీ నడుస్తోంది. ఈ కథంతా వినిపిస్తే బద్యా చాలాసేపు కళ్లు చిట్లించి చూశాడు.

"ఎవరు జెప్పిండ్రు మీకు? గట్లాంటిదేం జరగలే. లారీ రాలే, రాళ్లు రాలే. కమ్లికి స్టిక్కరంటే ఏందో తెల్వదు. నాకు ఫోనే లేదు. అసలు ఆ ఫ్యాక్టరీకి గేటే లేదు."