మామ కళ్లకు తగిలిన పేల పొడి

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. వచ్చిన కోపాన్ని చూపించడానికే దారి ఉండేది కాదు. కొత్త కోడలు మామతో నేరుగా మాట్లాడని ఇల్లు మాది. ఏర్పేడు దగ్గరి ఆ ఇంటికి కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ నాతో ఒక కోడిపెట్టను పంపింది. ఎండలు ముదిరేసరికి గూటినిండా పేలు పడ్డాయి. (యుద్ధకాలం, కిరసనాయిలు దీపానికే కరువు, గూటికి పూయడానికి ఎవరిస్తారు?) గుడ్లు పొదుగుతున్న నా పెట్ట ఆ బాధకు తాళలేక గుడ్ల మీద నుంచి లేచి వచ్చేసేది. మామకు తన పందెం పుంజు మీదే ప్రాణం. ఊళ్లో అందరూ పుంజుల మామ అనేవారు. పేలు నా పుట్టింటి నుంచే వచ్చాయని తేల్చేసి, పెట్టను శ్రీకాళహస్తి సంతలో అమ్మేయమన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే పనిలోకి దిగాను. కోళ్లను బయటికి తోలి, పాత గడ్డి లాగి కాల్చేశాను. ఎండిన వేపాకు మీద నా కోపమంతా చూపించి, మెత్తగా దంచి, జల్లించిన పొయ్యి బూడిదలో కలిపాను. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, గాలికి వీపు పెట్టి, గూటి సందుల్లో చల్లాను. పెట్టను ఒళ్లో పెట్టుకుని, తల జోలికి పోకుండా, రెక్కల కిందా తోక మొదట్లోనూ అద్దాను. బూడిదకే పేలు చస్తే సన్యాసులకు జడలెందుకు దురద పెడతాయని మామ అరుగు మీద నుంచి నవ్వి, తన పుంజుకు పట్టిన పేల కోసం సీతాఫలం గింజలు దంచడం మొదలుపెట్టాడు. ఆ పొడి కంట్లో పడితే చూపుకే మోసమని అత్త చేత చెప్పించాను. వినలేదు. పుంజుకు పూస్తూ పూస్తూ అదే చేత్తో ముఖాన చెమట తుడుచుకున్నాడు.

కేక విని పరుగెత్తాను. అత్త నీళ్లు తోడి అందిస్తుంటే, నేను ఆయన తల వంచి, రెప్పలు విప్పి చెంబుల కొద్దీ పోశాను. దాంతోపాటు నా నోరూ విచ్చుకుంది.

"సెప్తే ఇనేది లేదు. పుంజు మింద ఉండే ప్రేమ కండ్ల మింద లేకపాయె. పేలు ఆడ్నించి వచ్చినాయని నోరు లేని పెట్టను అమ్మమంటిరే, ఇప్పుడీ మంట యాడ్నించి వచ్చినాదో సెప్పండి."

నా గొంతు ఎన్నడూ వినని మామ, కళ్లు తెరవలేక, అత్తే అనుకున్నాడు.

"సర్లేమ్మే, మెల్లగా తిట్టు. కోడలు ఇంటే పరువు పోతాది. దాని పెట్టను అమ్మనులే, నీళ్లు పొయ్యి."

అత్త చెంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం నవ్వలేదు, ఇంకా తిట్టాల్సింది మిగిలే ఉంది.

మామ కళ్ల ఎరుపు తగ్గడానికి కొన్నాళ్లు పట్టింది కానీ, చూపు దక్కింది. పుంజును కడిగి నా పొడే అద్దాం. పెట్ట మరో విడత గుడ్లు పెట్టి, ఈసారి కుదురుగా పొదిగింది. ఆ రోజు తిట్టిందెవరో మామకు తర్వాతైనా తెలిసిందో, తెలిసే ఊరుకున్నాడో నేను అడగలేదు.

ఇప్పుడు నేనే అత్తను. ఎవరినైనా ఎంతైనా అనవచ్చు, అడ్డు లేదు. తీరా నోరు తెరిస్తే, పోనీలే అనిపిస్తుంది. అంత కోపం మోసుకు తిరిగిన ఆ పిల్ల ఒక్కసారి కనిపిస్తే, పక్కన కూర్చోబెట్టుకుని, కడుపారా తిట్టమ్మా, వింటాను అనాలనుంది.