భాగ్యక్క నెమళ్లు, నా షాపు మెయిల్

2025లో శ్రావణం మొదలైన రోజు సంగతి ఇది. శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద మాది లాప్‌టాప్ రిపేరు షాపు. 'మాది' అంటే నేనొక్కడినే. బోర్డు మీద మాత్రం 'సొల్యూషన్స్' అని బహువచనం. పక్కన టైర్ల పంక్చర్ షాపు. అతనికీ నాకూ పని ఒకటే. లోపల ఏమైందో కస్టమర్‌కు కనిపించదు, మేం చెప్పిందే నమ్మాలి. ఆ నమ్మకం మీద ఆరేళ్లు హాయిగా బతికాను.

ఆ పొద్దున షట్టరు సగం లేపానో లేదో, కింది నుంచి ఒక లాప్‌టాప్ బ్యాగు లోపలికి వచ్చింది. దాని వెనకే భాగ్యక్క వచ్చింది.

ఆమెది అలియాబాద్. ఇంటి ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుని జాకెట్ల మీద నెమళ్లు, మామిడి పిందెలు, ఏనుగులు కుట్టి ఇస్తుంది. మిషను దానంతటదే కుడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ప్రతి బొమ్మనూ ముందు లాప్‌టాప్‌లో గీసి, సూది ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, దారం ఎక్కడ తెగాలి అన్నది కుట్టు కుట్టుకూ చెప్పాలి. దీన్ని డిజిటైజింగ్ అంటారు. ఒక్క నెమలికి రెండు రోజులు పడుతుంది. నాలుగేళ్లలో ఆమె అలా గీసినవి మూడు వందల పైచిలుకు. బయట కొన్నది ఒక్కటీ లేదు.

"తమ్మీ, నా డిజైన్లు వోయినయ్," అంది.

"యాడనో పెట్టి మర్చిపోయినవేమో అక్కా."

"మర్చిపోలే. నా కండ్ల ముందట్నే వోయినయ్."

జరిగింది ఇదీ. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆమె లాప్‌టాప్ మూసి బీరువా మీద పెట్టింది. శ్రావణం వచ్చింది. మూడు రోజుల్లో ఒక పెళ్లికూతురి జాకెట్ ఇవ్వాలి. వాళ్ల అక్క పెళ్లికి కుట్టిన జంట నెమళ్లే కావాలని పట్టుబట్టారట. పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే డిజైన్లన్నీ ఉన్నాయి. వైఫై కలిపి, పొయ్యి మీది పాలు చూసి వచ్చేసరికి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

"నేను మౌస్ ముట్టలే. ఎవలో కూసొని సెనగలు ఏరుకున్నట్టు ఏరుకపోతున్నరు. నేను గట్లనే సూస్కుంట నిలవడ్డ."

"వైరస్ అయ్యుంటదక్కా," అన్నాను, చాలా ధీమాగా. మా వృత్తిలో వైరస్ అంటే 'నాకు తెలియదు' అని అర్థం.

పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టాను. రెండు గంటలు గాలించి అది ఒక రేషన్ కార్డు కాపీ, సగం పెళ్లి శుభలేఖ తెచ్చి ఇచ్చింది. నెమలి ఒక్కటీ లేదు. భాగ్యక్క స్టూలు మీద కూర్చుని నా ముఖమే చూస్తోంది. డాక్టర్లకు ఇలాంటప్పుడు కనీసం మాస్క్ ఉంటుంది.

అప్పుడు స్క్రీన్ కింది మూలన చిన్న మబ్బు బొమ్మ కనిపించింది. దాని మీద మౌస్ పెడితే ఒక మెయిల్ పేరు వచ్చింది. అది భాగ్యక్కది కాదు. నాది.

ఇక్కడ మా షాపుల ఆచారం ఒకటి చెప్పాలి. లాప్‌టాప్‌ను నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారు చేసిన కంపెనీ పేరు రాయను. రాయకపోయినా అది మీ ఇంట్లో ఉండే ఉంటుంది. వెనకటికి సిస్టమ్ ఎక్కించి, కస్టమర్ పేరు కొట్టి, చేతికిచ్చేవాళ్లం. తర్వాత తర్వాత కంపెనీ మెలిక పెట్టింది: ఇంటర్నెట్ కలిపి, వాళ్ల దగ్గర మెయిల్ ఖాతా తెరిస్తే తప్ప ముందుకు కదలదు. మా కస్టమర్లలో సగం మందికి మెయిల్ లేదు, మిగతా సగానికి పాస్‌వర్డ్ గుర్తులేదు. అందుకని షాపు పేరున ఒక మెయిల్ తెరిచి వచ్చిన ప్రతి లాప్‌టాప్‌కూ అదే కొట్టాను. ఒకే తాళం చెవితో ఊరందరి ఇళ్లకూ తాళాలు వేసినట్టు. అప్పట్లో దీన్ని తెలివి అనుకున్నాను.

ఈ మధ్య వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత కంపెనీ ఇంకో అడుగు వేసింది. డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లన్నిటినీ తన సర్వర్లలోకి, అంటే క్లౌడ్‌లోకి, ఎక్కించడం మొదలుపెట్టింది. ఒకే మెయిల్ ఉన్న లాప్‌టాప్‌లన్నిటిలోనూ అవే ఫైళ్లు కనిపిస్తాయి. ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతాయి. దీన్ని సింక్ అంటారు.

ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతాయి. ఈ వాక్యం దగ్గర నాకు యాదిరెడ్డన్న గుర్తొచ్చాడు.

యాదిరెడ్డన్నకు భూములున్నాయి, వెంచర్లున్నాయి, రాజకీయాల్లో ఒక కాలుంది. లాప్‌టాప్ నిండా ప్లాట్ల మ్యాపులు, ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఆషాఢం మొదట్లో షాపుకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"తమ్మీ, నా దాంట్ల జాకెట్ల బొమ్మలు వస్తున్నయ్. మీ వదినె సూసింది. ఎవల జాకెట్లివి అని అడుగుతాంది. రెండు దినాల సంది ఇంట్ల అన్నం సరిగ లేదు."

"వైరస్ అన్నా," అన్నాను.

పక్కనే, పేరు చివర చుక్క తర్వాత నేనెప్పుడూ చూడని తోకలతో వందల ఫైళ్లు. ఎంబ్రాయిడరీ మిషను భాష అదని నాకేం తెలుసు. మొత్తం సెలెక్ట్ చేసి, ఒక్క మీట నొక్కి తుడిచేశాను. ఆయన నా భుజం తట్టి, కాపురం నిలబెట్టావన్నాడు.

భాగ్యక్క ముందు కూర్చుని ఇదంతా వరసగా గుర్తు చేసుకున్నాను. జోకేదైనా తడుతుందేమోనని చూశాను. తట్టలేదు.

"అక్కా, దొంగ దొరికిండు."

"ఎవడు?"

"నేనే."

మొత్తం చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "మల్ల వస్తయా రావా, గది జెప్పు," అంది.

తుడిచిన ఫైళ్లు క్లౌడ్‌లోని చెత్తబుట్టలో ముప్పై రోజులుంటాయి, ఆ తర్వాత దేవుడు కూడా తీయలేడు. ఆషాఢం నిండా నెల. లెక్క వేయడానికి ధైర్యం చాలక లోపలికి వెళ్లడానికే ప్రయత్నించాను. ఖాతా నన్ను నమ్మలేదు. 'ఫోన్‌కు కోడ్ పంపాను, అది కొట్టు' అంది. ఆ నంబర్ నా పాత సిమ్. అది మచ్చ బొల్లారంలో మా అమ్మ బటన్ ఫోన్‌లో ఉంది. ఫోన్ చేశాను.

"అమ్మా, ఒక మెసేజ్ వచ్చుంటది. ఆరు అంకెలు సదువు."

"ఎందుకు?"

"పనుందే, జల్దీ."

"టీవీల జెప్తున్నరు, గా నంబర్లు ఎవ్వలకు జెప్పద్దని. గొంతులు గూడ నకలు జేస్తున్నరంట. నువ్వు నరేశే అని ఏంది గ్యారంటీ?"

"అమ్మా, కోడ్ పది నిమిషాలే ఉంటది."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఉప్మా."

"మొత్తం తిన్నవా?"

భాగ్యక్క వింటోంది. "ఎప్పటి లెక్కనే కుక్కకేసిన," అన్నాను.

"అయితే నువ్వే," అని అంకెలు చదివింది.

లోపలికి వెళ్లాక చూసినదాన్ని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ముప్పై ఎనిమిది లాప్‌టాప్‌లు పేరు పేరునా వరసలో ఉన్నాయి. అన్నీ నేను చేతికిచ్చినవే. వాటిలో చాలావాటి డెస్క్‌టాప్‌లు ఈ నెలలోనే ఎక్కి, ఇంకా మిగతా లాప్‌టాప్‌ల్లోకి దిగకుండా నా ముందు కుప్పగా పడి ఉన్నాయి. ఎవరిదో ఆధార్, ఎవరిదో ఎక్స్‌రే, ఎవరి పాపో నీళ్ల టబ్బులో ఆడుతున్న ఫొటో. వాళ్లెవరూ నాకు ఇవ్వలేదు, నేనెవరినీ అడగలేదు. షాపు గడప దాటకుండానే ఇన్ని ఇళ్లలోకి వెళ్లి వచ్చినట్టనిపించింది. భాగ్యక్క కూడా చూసి మెల్లగా చూపు తిప్పుకుంది.

చెత్తబుట్ట తెరిచాను. నెమళ్లు ఉన్నాయి. 'రెండు రోజుల్లో శాశ్వతంగా తొలగిపోతాయి' అని పక్కన రాసి ఉంది.

అవి వెనక్కి వస్తుండగా ఆమె అడిగింది. "నేను పైసలిచ్చి కొన్న లాప్‌టాపే గదా ఇది?"

"డబ్బా నీదే అక్కా. లోపల నడిచే సిస్టమ్ వాళ్లది. నీకు వాడుకోనిస్తున్నరు, గంతే. గది పేజీలకు పేజీలు రాసుంటది. కింద 'ఒప్పుకుంటున్న' అని నొక్కాలె."

"నేనెప్పుడు నొక్కిన?"

"నువ్వు నొక్కలే. నేను నొక్కిన."

"మిషను అమ్మినోడు రోజు ఇంట్లకొచ్చి, నీ దారాలు మా ఇంట్ల భద్రంగ పెడత అని ఎత్తుకపోతే ఊకుంటమా?"

కంపెనీ తరఫున నేనెందుకు వాదించానో తెలియదు. బహుశా ఆ పూట నిందితుల బెంచీ మీద ఇంకొకరు తోడుంటే బాగుండుననిపించింది. "లాప్‌టాప్ కాలిపోతే, దొంగలెత్తుకపోతే ఎట్లక్కా? వాళ్లు దాచబట్టే గదా ఇప్పుడు దొరికినయ్."

"మంచిదే. దాచుమని నేను జెప్తుంటి గద, అడుగుతే. వాళ్లు అడగలే." నా వైపు తిరిగి, "నువ్వు గూడ అడగలే," అంది.

అదే సమయానికి ఫోన్ మోగింది. యాదిరెడ్డన్న.

"తమ్మీ, మల్ల జాకెట్లు వచ్చినయ్! తీసేస్తున్న."

"అన్నా, వద్దు," అని నేను అరిచిన అరుపుకు పంక్చర్ అతను పరుగెత్తి వచ్చాడు. "ముట్టకు అన్నా. నెట్ బంద్ జేసి మూసి పెట్టు. వచ్చి వదినెకు నేనే జెప్త."

మొత్తం డిజైన్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, భాగ్యక్క లాప్‌టాప్ నుంచి నా మెయిల్ తీసేసి, ఆమె పేరున ఖాతా తెరిచాను. ప్రతి ప్రశ్ననూ ఆమెకు చదివి వినిపించి, ఆమె వేలితోనే నొక్కించాను. ఫైళ్లు క్లౌడ్‌లోకి పంపాలా అంటే 'వద్దు' నొక్కింది. ఆ 'వద్దు' ఎంత చిన్న అక్షరాల్లో ఉందంటే, దాన్ని వెతకడానికి ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది.

చివరగా ఆమె స్క్రీన్ మీద కుడి మూలన ఏవో బొమ్మలు మిగిలి ఉన్నాయి. చూస్తే దండలతో, చేతులు జోడించి నవ్వుతున్న యాదిరెడ్డన్న. ఇరవై ఫ్లెక్సీల దాకా ఉన్నాయి.

"ఇవెప్పట్నుంచి ఉన్నయక్కా?"

"ఆషాఢానికి ముందు సంది."

"తీసెయ్యలేదా?"

"నావి కావు గద," అంది. "ఎవలయో ఉంటయ్, వాళ్లకు పనుంటది అని ఓ పక్కకు జరిపి పెట్టిన."

ఆరేళ్ల అనుభవం, గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉన్న నేను ఆమె బొమ్మలను ఒక్క మీటతో తుడిచేశాను. ఏ సర్టిఫికెట్టూ లేని ఆమె, ఎవరో తెలియని మనిషి బొమ్మలకు చోటిచ్చింది.

తర్వాతి రెండు వారాలు మిగిలిన ముప్పై ఏడు మందికి ఫోన్ చేసి, ఒక్కొక్కరి దగ్గరా నా తప్పు చెప్పి, ఎవరి ఖాతా వాళ్లకు చేసి ఇచ్చాను. కొందరు నవ్వారు, కొందరు ఇంకెప్పుడూ రామన్నారు. జంట నెమళ్ల జాకెట్ ముహూర్తానికి అందింది. కంపెనీ ఇప్పటికీ అడక్కుండా చేసేవి చేస్తూనే ఉంది. దాన్ని మార్చడం శామీర్‌పేట షాపు వల్ల అయ్యే పని కాదు. నేను మార్చుకున్నది ఒక్కటే. లాప్‌టాప్‌లో తెలియని ఫైలు కనిపిస్తే ఇప్పుడు వైరస్ అనను. మీట మీంచి వేలు తీసి, ముందు అడుగుతాను: ఇది ఎవరిది?