అక్క పాడని సాయంత్రం

మియాపూర్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో మేమిద్దరం కిరాయికి ఉండేవాళ్లం. నాది అనంతపురం జిల్లా. ఆమెది జనగామ దగ్గర పల్లె. నాకన్నా పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఇద్దరికీ మాదాపూర్‌లో ఒకే కంపెనీలో ఉద్యోగం. ఇంగ్లండు నుంచి ఫోన్ చేసే కస్టమర్లకు హెడ్‌సెట్ పెట్టుకుని జవాబులు చెప్పడమే పని. మధ్యాహ్నం క్యాబ్ ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయేది.

అక్క పాడేది. పొద్దున పప్పుకు తాలింపు వేస్తూ ఆమె పాట ఎత్తుకుంటే, పక్క ఫ్లాట్‌లోని కాకినాడ ఆవిడ గిన్నె కడగడం ఆపేసి మా గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. "మీరిలా పాడితే మాకిక పనులెలా తెములుతాయండీ" అనేవారు. బతుకమ్మ పండక్కి ఊళ్లో ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ముందుగా పాట ఎత్తుకునేది అక్కేనట. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఆదివారాలు దీక్షా శిబిరాలకు వెళ్లి పాడేది. ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. మైకు మొరాయిస్తే పక్కన పెట్టేసి ఉత్తగొంతుతో పాడింది. షామియానా బయట రోడ్డు మీద వెళ్లేవాళ్లు కూడా ఆగి విన్నారు.

ఉద్యమం ముదిరేకొద్దీ మా నాన్నకు బెంగ పట్టుకుంది. "ఆ పిల్లతో ఎందుకమ్మా, వేరే రూము చూసుకోరాదా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అక్కనే అడిగాను.

"రాష్ట్రమొస్తే మమ్మల్నంతా పంపిచ్చేస్తారాక్కా?"

"నిన్నేడికి పంపుతనే? నువ్వు పోతే నాకు చపాతీలెవరు చేస్తరు?" అని నవ్వింది. నేను రూము మారలేదు.

ఒక చలికాలం ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. జలుబు తగ్గింది గానీ గొంతు మామూలు కాలేదు. పొద్దున కాస్త బాగుండేది, షిఫ్టు అయ్యేసరికి గాలే తప్ప మాట వచ్చేది కాదు. మిరియాల పాలు తాగేది, అల్లం నమిలేది, గొంతు బిళ్లలు చప్పరించేది. పైస్థాయిలో పాడబోతే మధ్యలో తెగిపోయేది. తెగిన చోట ఆగి, దగ్గి, నా వైపు చూసి ఏమీ కానట్టు కూర తిప్పుకునేది.

"ఆస్పత్రికి పోదాం రా అక్కా."

"జర ఈ వారం గడవనీ. టీంల మనుషులు లేరు."

ఆ వారం గడిచేది, ఇంకో వారం వచ్చేది. ఒక శనివారానికి నేనే కూకట్‌పల్లిలో, సాయంత్రాలు మాత్రమే చూసే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నాను. ఆ వారం మధ్యలో బంద్ పడింది. బంద్ రోజు ఆఫీసు లేకపోతే దానికి బదులు శనివారం పని చేయాలి. అపాయింట్‌మెంటు పోయింది. మళ్లీ తీసుకుంటే మళ్లీ బంద్. బంద్ నాడు మాకు కావలసినంత తీరిక ఉండేది గానీ క్లినిక్కు తలుపులు మూసి ఉండేవి, ఆటోలు తిరిగేవి కావు. తలుపులు తెరిచిన రోజు మాకు తీరిక ఉండేది కాదు. "నా తెలంగాణే నా శనివారాలు తింటున్నదే" అని అక్క బొంగురు గొంతుతోనే నవ్వేది.

చివరికి వెళ్లేసరికి ఎండాకాలం వచ్చేసింది. డాక్టరమ్మ నోట్లోకి సన్నని కెమెరా పెట్టి చూశారు. గొంతులో స్వరతంత్రుల అంచుల మీద రెండు చిన్న బొడిపెలు తెల్లగా కనిపించాయి.

"ముందే వచ్చుంటే బాగుండేదండి. అయినా మించిపోయింది లేదు. ఒక నెల పూర్తిగా మాట్లాడకండి. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చేటు. ఆ తర్వాత గొంతుకి వ్యాయామాలు చెప్తాను. చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయి."

"నా నౌకరే మాట్లాడేదుంటది మేడం" అంది అక్క.

"పాడతారా మీరు?" అని అడిగారావిడ. అక్క తలూపింది. "అయితే సెలవు పెట్టమ్మా" అన్నారు, అండీ గిండీ లేకుండా.

సోమవారం నేను కూడా ఆమెతో పాటు మేనేజరు క్యాబిన్‌కి వెళ్లాను. ఫోన్లు కాకుండా టైపు చేసి జవాబులిచ్చే విభాగానికి మార్చమని అడిగాం. అక్కడ ఖాళీ లేదన్నాడు. నెల సెలవంటే ఎలా, కొత్త బ్యాచ్ చేతికొచ్చాక చూద్దాం అన్నాడు. మా ముందే బీపీ మాత్ర మింగి నీళ్లు తాగాడు. ఆయన ముఖంలో కూడా నిద్ర లేదు. ఆయన మీద నాకు కోపం రావాల్సింది, రాలేదు.

ఉద్యోగం వదలడానికి అక్క ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర మాత్రం నోరు మూసుకుంటానంది. అలా మా ఫ్లాట్‌లో మాటలు ఆగిపోయాయి. ఉప్పు కావాలంటే వేళ్లతో చూపించేది. కోపమొస్తే గరిటెతో గిన్నె మీద కొట్టేది. మొదట్లో నవ్వొచ్చేది ఇద్దరికీ. కానీ ఇంట్లో మిగిల్చుకున్న గొంతునంతా ఆఫీసులో ముక్కూ మొహం తెలియని మనుషులకు, వాళ్ల కరెంటు బిల్లుల గురించి చెప్పడానికి ఖర్చుపెట్టేది. కాకినాడ ఆవిడ ఒకరోజు నన్ను ఆపి, "మీరిద్దరూ ఏమైనా మాటా మాటా అనుకున్నారాండీ?" అని మెల్లిగా అడిగారు. కాదని చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది.

బొడిపెలు గట్టిపడ్డాయి. ఆపరేషన్ చేశారు. అప్పుడు సెలవు దొరికింది, అడిగినదానికన్నా ఎక్కువే దొరికింది. మాట వచ్చింది గానీ వేరే మనిషి మాటలా వచ్చింది, మందంగా, కిందిస్థాయిలో. పై స్వరాలు రాలేదు. డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలన్నీ చేసింది. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి ఒక్కో మెట్టూ ఎక్కబోయేది. ఒకచోట గొంతు జారేది. మళ్లీ కిందినుంచి మొదలుపెట్టేది. నేను పక్కగదిలో దుప్పటి కప్పుకుని వింటూ పడుకునేదాన్ని. కొన్నాళ్లకు కిటికీ దగ్గరకు వెళ్లడం మానేసింది.

పార్లమెంటులో బిల్లు పాసైన సాయంత్రం మా ఇద్దరికీ సెలవు. టీవీలో వార్త రాగానే అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. అదే నిమిషంలో మా నాన్న ఫోన్ చేశాడు. "అయిపాయ కదమ్మా" అన్నాడు, ఇంకేం మాట్లాడలేకపోయాడు. నేను కళ్లు తుడుచుకుంటుంటే అక్క వచ్చి నా తల తన భుజానికి ఆన్చుకుంది. ఆమె సంతోషంలోనే నన్ను ఓదార్చింది.

తర్వాత చౌరస్తాకు వెళ్లాం. డప్పులు మోగుతున్నాయి, గులాబీ రంగు గులాల్ గాల్లో ఎగురుతోంది. శిబిరాల్లో అక్కను చూసినవాళ్లు గుర్తుపట్టి, "అక్కొచ్చింది, అక్కకు మైకియ్యిండ్రి!" అని కేకలు వేశారు. ఎవరో మైకు తెచ్చి చేతిలో పెట్టారు. అందరూ ఆమె వైపు తిరిగారు. అక్క మైకును నోటి దగ్గరికి తెచ్చింది. పెదవులు కదిలాయి. ఒక్క మాట రాలేదు. నవ్వుతూ తల అడ్డంగా ఊపి, పక్కనున్న ఒక కాలేజీ పిల్లకు మైకు ఇచ్చేసింది. ఆ పిల్ల ఎత్తుకుంది. చుట్టూ ఉన్న జనమంతా అందుకున్నారు. అక్క చప్పట్లు కొడుతూ నిలబడింది, చెంపల మీది రంగు కన్నీళ్లకు చారలు కట్టింది.

నడిచి వస్తుంటే దారిలో అంది.

"ఇన్నొద్దులు పాడిన గదనే. గియ్యాల్టి కోసమే పాడిన. గియ్యాలనే పాడలేకపోయిన."

నేను ఆమె చేయి పట్టుకుని నడిచాను.

మరుసటి ఏడు అక్క ఉద్యోగం వదిలేసి పెళ్లి చేసుకుని హనుమకొండ వెళ్లిపోయింది. అక్కడ ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పని. ఎక్కువగా మాట్లాడాల్సిన అవసరం లేదట. ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. కొత్తవాళ్లు ఆ గొంతు విని సార్ అంటారని, తను సరిదిద్దడం మానేసిందని చెప్పింది. పాడతావా అని నేను అడగను. కిందటి నెల మాత్రం తనే చెప్పింది. చిన్నకూతురికి నిద్ర పట్టకపోతే ఫోన్‌లో ఎవరి పాటో పెట్టి పక్కన పడుకుంటుందట. ఆ పిల్ల ఒకరోజు, "అమ్మా, నీకు పాటలు రావా?" అని అడిగిందట.

"ఏం చెప్పినావక్కా?" అన్నాను.

"రావని చెప్పిన" అంది.