నూకమ్మ గడప

1938లో నన్ను బరంపురం నుంచి గోపాల్‌పూర్‌కు ఓవర్సీరుగా వేశారు. కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు. అంతకు ముందు మద్రాసు పోయే కాగితాలు కటకం పోతున్నాయి. నేను మాత్రం అదే గొడుగుతో, అదే డంపీ లెవెల్‌తో మిగిలాను. డంపీ లెవెల్ అంటే మూడు కాళ్ల మీద నిలబెట్టే దుర్భిణి లాంటి పరికరం. దాంట్లోంచి చూసి ఏ చోటు ఎంత మెరకో, ఎంత పల్లమో లెక్క కడతాం. అది చేతిలో ఉంటే నీటికి దారి చెప్పేవాణ్ణి నేనే అనుకునే వయసు నాది.

గోపాల్‌పూర్‌లో సముద్రానికి ఎదురుగా బంగళాలు, వాటి వెనక బజారు, ఓ చివరన పల్లంలో నోలియాల పేట. నోలియాలంటే మన తెలుగు మాట్లాడే జాలర్లే, అక్కడ అందరూ వాళ్లను అలాగే పిలుస్తారు. పేటకూ సముద్రానికీ మధ్య పొడుగాటి ఇసక దిబ్బ ఉంటుంది. వానాకాలంలో బంగళాల ముందు మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయని దొరలూ షావుకార్లూ అర్జీలు పెట్టుకుంటే, ఆ వేసవిలో నేను రాతి కాలువ కట్టించాను. కాలువ నీళ్లు వదిలే చివరను మేం అవుట్‌ఫాల్ అంటాం. నా అవుట్‌ఫాల్‌ను పేట పక్క పల్లంలో పెట్టాను. అక్కడ అంతా ఇసకే గనక నీళ్లు ఇంకిపోతాయని రిపోర్టులో రాశాను. మే నెలలో పది కావిళ్ల నీళ్లు పోయించి ఇంజనీరు గారికి చూపించాను కూడా. చక్కగా ఇంకిపోయాయి.

ఆశ్వయుజంలో పెద్ద వానలు పట్టాయి. బంగళాల ముందు చుక్క నిలవలేదు. ఇంజనీరు గారు నా భుజం తట్టి వెళ్లారు. మర్నాడు పేట వైపు నడిచి వెళితే తెలిసింది, బంగళాల నీళ్లన్నీ అక్కడ చెరువు కట్టాయి. తడిసిన ఇసక ఇక ఒక్క చుక్క కూడా తాగడం లేదు.

పేటవాళ్లకు నీళ్లు కొత్త కాదు. ఏటా దిబ్బను కోసి వాటిని సముద్రంలోకి వదులుతారు. దాన్ని మొగ కొట్టడం అంటారు. సముద్రం వైపు నుంచి గాడి తవ్వుకుంటూ వచ్చి, పల్లం పక్కన కొంచెం ఇసక కట్టగా మిగిల్చి, ఇక ఎదురు చూస్తారు. ఆ కట్ట ఎప్పుడు తెంపాలో చెప్పేది కులపెద్ద కాదు. పేటలో అందరికన్నా పల్లంలో ఎవరి ఇల్లుంటే వాళ్లు చెప్పాలి. మొదటి గంప ఇసక కూడా వాళ్లే తియ్యాలి. అది వాళ్ల తాతల నాటి కట్టుబాటు.

ఆ పల్లపు ఇల్లు నూకమ్మది. యాభై ఏళ్లుంటాయి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం దాకా నడిచి అమ్ముకొచ్చే మనిషి. కూతురు పురిటికి వచ్చి, ఆడపిల్లను కని పన్నెండు రోజులైంది. నేను వెళ్లేసరికి నీళ్లు ఆవిడ గడపకు జానెడు కింద ఉన్నాయి. లోపల తల్లీ బిడ్డా నులకమంచం మీద ఉన్నారు. గాడి తవ్వడం అయిపోయి రెండు రోజులైందట. మగవాళ్లు దిబ్బ మీద వలలు బాగుచేసుకుంటున్నారు.

నాకు ఒళ్లు మండింది. "కట్ట తెంపించు నూకమ్మా," అన్నాను.

"ఇప్పుడు కాదు బాబూ. నీరు గడపని ముట్టాల. అప్పుడు పాటు సూసి తెంపుతాం."

సముద్రం మీదికి రావడం పోటు, వెనక్కి తగ్గడం పాటు. అది నాకూ తెలుసు. "గడప తడిశాక తెంపితే ఏం లాభం? లోపల పసిబిడ్డ ఉంది కదా," అన్నాను.

"ఉన్నాదని నాకు తెల్దా? సిన్న నీరుకి బలం ఉండదు బాబూ. ఒక్క పోటుకి సంద్రం ఇసక తోసి మొగ మూసేత్తాది. పెద్ద నీరైతే సంద్రాన్నే తోసుకుని ఎల్లిపోద్ది."

కులపెద్ద దానయ్య వల కిందపెట్టి వచ్చాడు. ఆయనతోనైనా పని అవుతుందని చూశాను.

"నన్నడిగితే ఏటి లాభం బాబూ," అన్నాడు. "తడిసీ ఇల్లు ఆయమ్మది. ఆయమ్మ సెప్పాల."

నిజం చెప్పాలంటే నన్ను కదిలించింది బిడ్డ మీద జాలి ఒక్కటే కాదు. ఆ నీళ్లను అక్కడికి తెచ్చింది నా కాలువ. ఎవరైనా గుర్తుపట్టేలోగా వాటిని అక్కణ్ణుంచి పంపెయ్యాలని నా తొందర. పైగా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బజారు నుంచి ఆరుగురు కూలీలను పిలిపించి, పదకొండు గంటల వేళ కట్ట తెంపించాను. పేటవాళ్లు ఎవరూ అడ్డుపడలేదు. సర్కారు మనిషిని కదా. నూకమ్మ ఒకసారి సముద్రం వైపు చూసి, లోపలికి వెళ్లి కుండలు అటక మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. అది చూసి ఈవిడకు ఎంత అనుమానమో అనుకున్నాను.

నీళ్లు గాడిలోంచి సన్నగా, వెండితీగలా జారాయి. నేను సంతోషంగా భోజనానికి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే గాడి లేదు. పోటు తెచ్చిన ఇసక దాన్ని అంచుల దాకా నింపేసింది. పల్లంలో తగ్గిన నీళ్లు నాలుగు వేళ్లు.

తెల్లవారుజామున మొదలైన వాన ఇక ఆగలేదు. నేను వెళ్లేసరికి పేటంతా దిబ్బ మీదే ఉంది, మగవాళ్లు పారలతో, ఆడవాళ్లు గంపలతో. కొత్తగా పడిన ఇసక తడిసి, తీసినంతా మళ్లీ జారి గాడిలోనే పడుతోంది. ముందురోజు గాడి అలాగే ఉండుంటే కట్ట తెంపడానికి పావుగంట చాలు. ఇప్పుడు పొద్దున్నుంచీ తవ్వుతున్నా సగం కాలేదు. నేనూ చొక్కా విప్పి పార పట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

మధ్యాహ్నానికి నూకమ్మ గడప మునిగింది. దక్షిణపు గోడ మెత్తబడి, చూస్తుండగానే కూర్చుండిపోయింది. వానలు తగ్గాక అమ్ముకుందామని దాచిన ఎండుచేపలు నీళ్లలో తేలాయి. నూకమ్మ చేపల గంపలో చీర మడతలు పరిచి, మనవరాలిని పడుకోబెట్టి, నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో బయటికి వచ్చింది. వెనక కూతురు గోడలు పట్టుకుంటూ వచ్చింది. నేను గొడుగు గంప మీద పట్టి పక్కనే నడిచాను. బిడ్డ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు. తల్లీ బిడ్డలను మా ఇంట్లో దింపితే నా భార్య బొగ్గుల కుంపటి వెలిగించింది. కాసేపటికి బిడ్డ గట్టిగా ఏడ్చింది. అప్పుడు నేను మళ్లీ దిబ్బ మీదికి బయల్దేరాను.

నూకమ్మ కూడా అక్కడ ఆగలేదు. తిరిగి దిబ్బ మీదికి వచ్చింది. గాడి పూర్తయింది, కట్ట మాత్రం మిగిలింది. అందరూ ఆవిడ వైపు చూస్తున్నారు. ఆవిడ సముద్రాన్ని చూస్తూ నిలబడింది. కళ్ల ముందు ఇల్లు కరిగిపోతోంది, అయినా ఆగమంది. ఒక గంట గడిచింది. ఈసారి నేనూ పార పట్టుకుని ఆవిడ మాట కోసమే చూశాను.

"ఇప్పుడు," అని మొదటి గంప ఇసక తీసి పక్కన పోసింది.

కట్ట ఒక్కసారిగా పోయింది. నీళ్లు గాడి అంచులను కోసుకుంటూ, మనిషి లోతున దారి చేసుకుని అలలను చీల్చుకుని పోయాయి. దీపాలు పెట్టే వేళకు పేటలో బురద కనిపించింది.

"నావల్లే నీ ఇల్లు పోయింది," అన్నాను. కాలువ సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే ఆ రోజు అన్నం దిగేది కాదు.

"కాలవ సంగతి మాకెప్పుడో తెల్సు," అంది నూకమ్మ. "జాలి తప్పు కాదు బాబూ. అడిగి సేసుంటే బాగున్ను."

ఇంజనీరు గారికి జరిగింది జరిగినట్టు రాశాను. ఆయన ముందు కోప్పడ్డారు. తరవాత నూకమ్మ ఇల్లు తిరిగి కట్టించడానికీ, నా అవుట్‌ఫాల్‌ను పేట దాటించి ఉత్తరంగా తీసుకుపోవడానికీ ఎస్టిమేటు పంపమన్నారు. వేసవిలో నేను దిబ్బ పక్కన మెరక స్థలం చూసి, ఇల్లు అక్కడ కట్టుకోమని నూకమ్మతో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"నేను పైకెల్లిపోతే కట్ట మాట సెప్పడం పల్లంలో ఇంకో ఇంటికి పోద్ది కదా బాబూ. ఆల ఇంట్లో అందరూ కుర్రోల్లే. ఆగడం ఆలకి రాదు. నాకొచ్చు."

పాత చోటే, గోడలకు అడుగున రాయి వేసి ఇల్లు కట్టించాం. మా పనిలో ఎత్తులు కొలవడానికి ఆధారంగా పెట్టుకునే రాయిని బెంచ్ మార్క్ అంటారు. బంగళా అరుగు మీద పెట్టాల్సిన ఆ రాయిని నేను నూకమ్మ గడప పక్కన పాతించాను. ఎందుకని ఆఫీసు నుంచి శ్రీముఖం వస్తే, నీరు ముందు ముట్టేది అక్కడే గనక అని జవాబు రాశాను.

ఆ తరవాత గంజాం జిల్లాలో చాలా ఊళ్లు తిరిగాను, చాలా కాలువలు కట్టాను. ఏ ఊరు వెళ్లినా లెవెల్ పెట్టె విప్పక ముందు, ఇక్కడ ఎవరి గడప ముందు తడుస్తుందని అడిగి, ఆ ఇంటికి వెళ్లి కూర్చునేవాణ్ణి.