షెడ్డు ఖాళీ అయిన మధ్యాహ్నం

డిగ్రీ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన వేసవిలో అమ్మతోపాటు నేనూ మామిడికాయల షెడ్డుకు పనికి వెళ్లాను. ముసునూరు రోడ్డు పక్కన తోటలో ఉండేది ఆ రేకుల షెడ్డు. ఆడవాళ్లం బారుగా కూర్చుని, రసాలూ బంగినపల్లులూ వేరుచేసి, చెక్కపెట్టెల్లో గడ్డి పరిచి సర్దేవాళ్లం. పసిపిల్లల తల్లులు పైకమ్మీకి చీరలు కట్టి ఉయ్యాలలు వేసేవారు. ఒక మూల రేడియో మోగుతూనే ఉండేది.

ఒకరోజు అన్నాలు తిని మళ్లీ పనిలో కూర్చున్నాక మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. అమ్మ చేతిలో కాయ గాల్లోనే ఉండిపోయింది. ఎదురుగా కూర్చున్నావిడ ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నాకూ అంతే. అందరం గడ్డిమోపులు పేర్చిన మూలకేసి చూస్తున్నాం. అక్కడ ఏమీ లేదు. అయినా చూపు తిప్పుకోలేకపోయాను.

ఆ తర్వాత నాకు తెలిసింది ఎండ. అందరం బయట చెట్ల కింద ఉన్నాం, కాళ్లకు చెప్పుల్లేకుండా. ఎవరూ కేక కూడా వేయలేదు. నా చంకలో ఒక పసిపిల్ల ఉంది.

నాకప్పటికి పెళ్లే కాలేదు. ఉయ్యాల దగ్గరికి ఎప్పుడు వెళ్లానో, ఎప్పుడు వంగి తీశానో ఇప్పటికీ గుర్తుకు రాదు. పిల్ల ఏడవలేదు. నా ఓణీని గుప్పిట్లో బిగించి పట్టుకుని, షెడ్డు వైపే చూస్తోంది.

ఆ పిల్ల తల్లి పరుగెత్తుకొచ్చింది. ఆమె చంకలో ఇంకెవరి పిల్లాడో ఉన్నాడు.

"అమ్మయ్య, నీ దగ్గరుందా! మరి వీడెవరి పిల్లాడే? నేనెప్పుడు ఎత్తుకున్నాను వీణ్ని?" అంది, వాడి మొహంలోకి చూస్తూ.

మా చేత పని చేయించే మేస్త్రి వచ్చాడు. "ఏంటమ్మా, పామా?"

"ఏమోనండీ," అంది అమ్మ.

"ఎవరు చూశారు? ముందు ఎవరు లేచారు?"

"అందరూ లేచారండీ. నేనూ లేచాను."

ఎవర్నడిగినా అదే మాట. తోటలో పనిచేసే మగవాళ్లు కర్రలతో గడ్డిమోపులన్నీ తిరగేశారు. ఎలక కూడా కనపడలేదు. ఖాళీ షెడ్డులో రేడియో మాట్లాడుతూనే ఉంది. బయటినుంచి వింటే లోపల ఎవరో కూర్చున్నట్టే ఉంది.

మనిషి అడవుల్లో తిరిగిన కాలం నాటి భయం ఇంకా ఒంట్లోనే ఉంటుందని తర్వాత ఎక్కడో చదివాను. చదవకపోయినా నమ్మేదాన్ని. ఉద్యోగంలో చేరాక ఒకసారి విజయవాడలో ఆఫీసు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులందరూ ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా ఒకే వైపు తలలు తిప్పారు. ఎవరి తల ముందు తిరిగిందో అప్పుడూ తెలియలేదు.

షెడ్డు ఖాళీ అయిన ఆ రోజు సాయంత్రానికి కాయల లారీ హనుమాన్ జంక్షన్ చేరాలి. అందుకని మళ్లీ లోపలికి వెళ్లాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టి, వాళ్ల చుట్టూ గుండ్రంగా, మొహాలు బయటికి పెట్టి కూర్చున్నాం.

"అదేం కూర్చోవడమమ్మా? బారుగా కూర్చోండి," అన్నాడు మేస్త్రి.

ఒక్కరం కూడా కదల్లేదు.