పెట్టని మందు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికైనా కడుపులో నొప్పి వస్తే ఏం తిన్నావని అడిగేవారు కాదు, ఎవరింట్లో తిన్నావని అడిగేవారు. పగబట్టినవాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో ముద్దకట్టి మనిషిని లోపల్నుంచి తినేస్తుందని అందరికీ గట్టి నమ్మకం. దాన్ని మందు పెట్టడం అనేవారు. ఆ మందును కక్కించేవాళ్ళు వేరే ఉండేవారు. ఇప్పుడు తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

మా తాతయ్య పటాన్‌చెరు దగ్గర కొత్తగా వచ్చిన ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా పని చేసేవాడు. మంచి తిండిపుష్టి గల మనిషి. నానమ్మ చేసిన జొన్నరొట్టెల్లో సగం ఆయన పళ్ళెంలోకే వెళ్ళేవి. అలాంటి మనిషి ఒక ఎండాకాలం నుంచి రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు. రొమ్ము కింద మంట అనేవాడు. అప్పుడప్పుడు తిన్నది తిన్నట్టు కక్కేవాడు. మొలతాడు వదులై జారుతుంటే నానమ్మ ముడి బిగించి కట్టింది. కొన్నాళ్ళకు మళ్ళీ బిగించింది. బిగిస్తూ పోయిందే తప్ప, మనిషి ఎందుకిలా తగ్గిపోతున్నాడని ఒక్కనాడైనా ఆలోచిస్తేనా! ఊళ్ళోవాళ్ళు కంపెనీల గాలి అన్నారు. కంపెనీల నీళ్ళు కలిసిన వాగు కంపుకు ఎవరికి మాత్రం ఆకలవుతుందన్నారు. కాంపౌండర్ ఇచ్చిన గులాబీ రంగు నీళ్ళమందు తాగితే నాలుగు రోజులు హాయిగా ఉండేది, అంతటితో జబ్బు పోయిందనుకునేవారు.

చివరికి పక్క ఊళ్ళో ఆకు పసరు పోసి కక్కించే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. తాతయ్య పేగులు బయటపడేలా కక్కాడు. పసరు పోసినాయన ఎక్కడి నుంచి తీశాడో ఏమో, దోసిట్లో ఒక నల్లటి ముద్ద చూపించి ఇదే మందన్నాడు. లోపల ఇంకా ఉందన్నాడు. పెట్టింది ఇంట్లో ఆడమనిషే అని కూడా సెలవిచ్చాడు. మా ఇంట్లో ఆడవాళ్ళు నానమ్మ, మా అమ్మ, కొత్తగా కాపురానికి వచ్చిన మా చిన్నమ్మ, అంటే బాబాయి భార్య. నింద ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా?

ఆ రోజు నుంచి చిన్నమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాతయ్య ముట్టేవాడు కాదు. మా బాబాయి నోట్లో నాలుక లేనట్టు కూర్చునేవాడు. విచిత్రమేమిటంటే, తాతయ్యను పట్నం దవాఖానకు తీసుకెళ్ళమని పోరుతున్నది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆమె తల్లి ఇలాగే తిండి ఇమడక చిక్కిపోయిందట. ఆమెకూ ఇలాగే పసరు పోయించారట. దవాఖానకు తీసుకెళ్ళేసరికి ఇక కోసి లాభం లేదన్నారట.

ఒకరోజు నానమ్మ, తాతయ్యకు దొడ్డికి తారులా నల్లగా పోతోందని చెప్పి, మందు దిగుతోందని సంబరపడింది. సంబరం! బియ్యం చెరుగుతున్న చిన్నమ్మ చాట కింద పడేసి లేచింది. లోపల నెత్తురు కారితే అలా పోతుందని, తన తల్లికీ అలాగే అయిందని కాళ్ళావేళ్ళా పడింది. విన్నదెవరు? పెట్టింది చాలక కోయించి చంపాలని చూస్తోందన్నారు. తాతయ్యేమో, కత్తి తగిలితే తాను బతకనని మొండికేశాడు.

రెండోసారి పసరు తాగడానికి వాకిట్లో ఎడ్లబండి కట్టారు. తాతయ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడు. చుట్టుపక్కల వాళ్ళంతా సాగనంపడానికి వచ్చి నిలబడ్డారు. చిన్నమ్మ గడప దాటి వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"మామా, నేనే పెట్టిన," అంది.

బండి కాడి పట్టుకుని మళ్ళీ అంది.

"అది పసరుకు వచ్చే మందు గాదు. నువ్వెంత కక్కినా రాదు. పట్నంల పెద్దదవాఖానల నోట్లకెల్లి గొట్టమేసి చూస్తరు. ఆళ్ళు తీస్తెనే వస్తది. జల్దీ పోకుంటె నీ పానం దక్కది."

నానమ్మ ఆమె చెంప పగలగొట్టింది. చిన్నమ్మ చెంప పట్టుకోలేదు, ఏడవలేదు, బండి ముందు నుంచి జరగనూ లేదు. నెలల తరబడి బతిమాలితే చెవిన పెట్టని ఆ పెద్దమనిషి అదే బండిలో బస్సు దాకా వెళ్ళి పట్నం బస్సెక్కాడు. మంచిగా చెబితే తలకెక్కదు, భయపెడితే ఎక్కుతుంది. ఏం మనుషులమో!

మరుసటి రోజు బావి దగ్గర చిన్నమ్మ గిన్నెలు తోముతుంటే, నిజంగానే పెట్టావా అని నేను అడిగాను. ఆమె బూడిద అంటిన చేతులు ఆపి నవ్వింది. "పెట్టుడే అయితే మీ నానమ్మకు పెట్టకపోదునా?" అంది.

దవాఖానలో గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కడుపు కింది భాగంలో క్యాన్సర్ గడ్డ. పక్కలకు పాకలేదు కాబట్టి కోసి తీయొచ్చని, ఇంకొన్నాళ్ళు ఆగితే చెయ్యడానికేమీ ఉండేది కాదని డాక్టర్లు చెప్పారు. కడుపులో సగానికి పైగా తీసేసి, మిగిలినదాన్ని పేగుకు కలిపి కుట్టారు. తర్వాత కొన్ని నెలలు సూదిమందులు ఎక్కించారు. ఆయన కాల్చే చుట్టలు పూర్తిగా మానాలన్నారు. ఎండుచేపలు, ఉప్పులో ఊరిన తొక్కు పచ్చళ్ళు తగ్గించి కూరగాయలు, పండ్లు తినమన్నారు. ఒకేసారి కాకుండా పూటపూటకూ కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. అది పెట్టుడు మందు కాదు, జబ్బు అని బాబాయి ఇంటికొచ్చి అందరికీ చెప్పాడు. ఆలస్యంగానైనా ఆయనకు నోరొచ్చింది. నానమ్మ ఒక్క మాటతో కొట్టిపారేసింది. దాని నోటితో అదే ఒప్పుకుంది కదా, డాక్టరుకేం తెలుసు అంది.

తాతయ్య ఇంటికి వచ్చిన రోజు వాకిలి నిండా జనం. నానమ్మ గిన్నెలో జావ తెచ్చింది. తాతయ్య గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు. చిన్నకోడలిని పిలవమన్నాడు. చిన్నమ్మ వచ్చి దూరంగా నిలబడితే, ఊరంతా వినేలా ఒకటే మాట అన్నాడు.

"నువ్వు పెట్టు బిడ్డా, తింట."

చెంపదెబ్బకు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత బతికిన అన్నేళ్ళూ ఆయన ఆమె చేతి తిండే తిన్నాడు. ఊరు మాత్రం మారలేదు, మందు పెట్టిన మనిషని ఆమె చేతి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఇప్పుడు నేనూ మనవరాళ్ళున్న దాన్ని. పటేల్‌గూడలో మా ఆయన రోజూ పొద్దున్నే గ్యాస్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగి బ్రేవ్‌మని త్రేన్చి, అంతా సర్దుకుందంటాడు. ఆకలి తగ్గింది, ప్యాంటు వదులైంది, అయినా గ్యాసేనట! కడుపులో పుండ్లు పెట్టే క్రిమి ఒకటుంటుందని, అది ఏళ్ళ తరబడి తిష్ఠ వేస్తే క్యాన్సర్ దాకా పోవచ్చని, ఉందో లేదో పరీక్షలో తెలుస్తుందని, మందులతో పోతుందని డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు. నేను వాదించలేదు. బ్యాంకు పని ఉందని ఆటో ఎక్కించి దవాఖాన ముందు దింపాను. గొట్టం పరీక్షలో పుండు, ఆ క్రిమి బయటపడ్డాయి, క్యాన్సర్ లేదు. మందుల కోర్సు వాడుతున్నాడు, నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ, మనిషి ఉన్నాడు.

చిన్నమ్మ ఇప్పుడు ఇంద్రేశంలో కొడుకు దగ్గర ఉంటుంది. మొన్న చూడటానికి వెళ్తే, మా పాత ఊరి నుంచి ఇద్దరు ముసలమ్మలు వచ్చి కూర్చున్నారు. చిన్నమ్మ అందరికీ చాయ్ తెచ్చింది. వాళ్ళిద్దరూ షుగర్ ఉందని కప్పులు పక్కన పెట్టారు. కిందటి నెల పెళ్ళిలో లడ్డూల మీద లడ్డూలు లాగించినప్పుడు లేని షుగర్! చిన్నమ్మ కప్పులు తీసుకెళ్ళడానికి వంగింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అలా వంగిందో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, వాళ్ళ ముఖాలు చూస్తూ నా చాయ్ తాగాను. తర్వాత వాళ్ళవి రెండూ తాగాను.