ఎన్నడూ తాగని పెద్దనాయన

గద్వాలలో మా నేతగాళ్ల వీధి మొత్తం పెద్దనాయన అని పిలిచే మనిషి మొన్న గురువారం పోయాడు. మసక చీకట్లో అగ్గిపెట్టె కొనుక్కొని వస్తూ మలుపులో పడ్డాడు. తల మురుగు మోరీ రాయికి తగిలింది. పక్కనుంచి బండ్లు పోతూనే ఉన్నాయి. తాగి పడ్డాడనుకున్నారట. ఒకాయన దయగా చెప్పులు ఏరి పక్కన పెట్టి మరీ పోయాడట! ఆయన భార్య, మా పెద్దమ్మ, వెతుక్కుంటూ వచ్చి దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు.

ఆయనకున్నది అటాక్సియా. నడకను అదుపులో ఉంచే చిన్నమెదడు అరిగిపోతోందని, ఒంటికి నిలకడ తెలిపే లోచెవి కూడా పనిచేయడం లేదని కర్నూలు డాక్టరు చెప్పాడు. ఇక ఆధారం కళ్లే. వెలుతురు తగ్గితే ఒళ్లు తూలుతుంది. అందుకే మొహం కడుక్కునేటప్పుడు గోడకు ఆనుకొని, సబ్బు మంటను ఓర్చుకుంటూ ఒక కన్ను తెరిచే ఉంచేవాడు.

పొద్దున వీధి పొడవునా పడుగు సాపుతారు. మగ్గానికెక్కే ఆ దారాల బారుకు వేళ్లు ఆనీ ఆనకుండా, దాన్నే చూస్తూ ఆయన నేరుగా నడిచేవాడు. తెగిన పోగులు చూపించేవాడు. మా వీధికి అదే సాక్ష్యమైంది. "పొద్దుగాల సక్కగ నడుస్తడు, మాపటికి ఊగుతడు. ఇంకేం జెప్పాలె?" అన్నారు. నోటి వాసన చూడ్డానికైనా దగ్గరికి రానివాళ్లు తీర్పు చెప్పేశారు. పని ఇచ్చే సేటు, తాగుబోతు చేతికి పట్టు ఇవ్వనన్నాడు.

నేను తక్కువ తిన్నానా? మద్యం మీద కరపత్రాలు చదివి, సొంతంగా ఒకటి రాసి, ఇంటింటికీ పంచి, ఒక సాయంత్రం ఊగుతూ వస్తున్న ఆయన చేతిలోనే పెట్టాను. ఉపన్యాసం కూడా దంచాను. మర్నాడు పిలిచి తిరిగిచ్చాడు. "మంచిగ రాసినవ్ బిడ్డా. తాగెటోల్లకు ఇయ్యి" అన్నాడు. అప్పుడే రోగం సంగతి చెప్పాడు. అందరికీ చెప్పొచ్చు కదా అంటే నవ్వాడు. "ఎంతమందికని చెవు ఇప్పి సూపియ్యాలె?"

డబ్బులు, పని అన్నీ పోనీ, తాగుబోతు అన్న పేరు మాత్రం తనతో రాకూడదని ఆయన కోరిక. ఇంటింటికీ కాగితం పంచిన నేను, ఈ ఒక్క మాట చెప్పడానికి ఎన్ని గడపలు తొక్కాను? రెండు. మిగతా వీధికి తర్వాత చెబుదామనుకున్నాను.

మూడోనాడు పిట్టకు, అదే కాకికి, పెట్టేటప్పుడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతారు. ఒక చుట్టం మందు సీసా తెచ్చి పెట్టాడు. నేను అరవబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. సీసా తీసి తెచ్చినాయనకే ఇచ్చి, "గిది నీకిష్టం, అన్నా. ఆయనకు చాయ" అంది. వెడల్పు గిన్నెలో సగం దాకే పోసింది. ఎవరో నిండా పొయ్యమన్నారు.

"ఆయనకు చెయ్యి వణుకుతది. మీద ఒలుకుతది" అంది.

గిన్నె కదలకుండా చుట్టూ నాలుగు గులకరాళ్లు ఆనించి, అప్పుడు లేచింది.